మీ నంబరు ఎంతమంది ఫోన్లో సేవ్ అయి ఉంది? వైజాగ్ చిన్న వ్యాపారులకు సోషల్ మీడియా గైడ్

గాజువాకలో బ్లౌజులు కుట్టే బొటిక్‌కి, ఎంవీపీ కాలనీలో ఇంట్లోనే పిండివంటలు చేసి అమ్మే కుటుంబానికి, కంచరపాలెంలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుకి కొనేవాళ్లు ఎక్కడుంటారు? ఎక్కువమంది నాలుగైదు కిలోమీటర్ల లోపే. ఎక్కడో దూరాన ఉన్నవాళ్లు రీల్ చూసి లైక్ కొట్టినంత మాత్రాన గల్లాపెట్టెలో డబ్బు పడదు. మీ చుట్టుపక్కలవాళ్లు సరుకు చూడాలి, రేటు తెలుసుకోవాలి, మీ నంబరు సేవ్ చేసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ సరుకు చూపించడానికి పనికొస్తాయి. బేరం కుదిరేది మాత్రం వాట్సాప్‌లో. కాబట్టి పని వాట్సాప్‌తోనే మొదలుపెట్టాలి. ముందే ఇన్‌స్టా పేజీ తెరిచి రీల్స్ మీద పడితే ఫాలోయర్లు పెరుగుతారు, అడిగినవాళ్లకి సరిగ్గా జవాబిచ్చే ఏర్పాటు లేక ఆర్డర్లు జారిపోతాయి.

వాట్సాప్ బిజినెస్: ఒక పూట పని

మామూలు వాట్సాప్, వాట్సాప్ బిజినెస్ వేర్వేరు యాప్‌లు. రెండు నంబర్లుంటే రెండూ ఒకే ఫోన్లో నడుస్తాయి. షాపుకి వేరే సిమ్ తీసుకోండి. పాత ఖాతాదార్లందరి దగ్గరా మీ సొంత నంబరే ఉంటే దాన్నే బిజినెస్ యాప్‌కి మార్చి, ఇంటివాళ్ల కోసం కొత్త నంబరు తీసుకోవడం మేలు. మార్చేముందు చాట్ బ్యాకప్ తీయండి. యాప్ ఉచితం. నెలకింత కట్టమని ఎవరైనా అడిగితే వాళ్లు అమ్మేది వేరే సాఫ్ట్‌వేర్. చిన్న షాపుకి మొదట్లో దాని అవసరం లేదు.

ప్రొఫైల్లో షాపు పేరు, ఏం అమ్ముతారో ఒక వాక్యం, తెరిచి ఉండే వేళలు, మ్యాప్‌లో లొకేషన్ పెట్టండి. డీపీగా దేవుడి బొమ్మో పిల్లల ఫోటోనో కాకుండా షాపు బోర్డు గానీ బాగా అమ్ముడుపోయే వస్తువు గానీ ఉండాలి. చాట్ లిస్టులో చిన్న గుండ్రంలో చూసినా ఇది ఎవరి నంబరో గుర్తుకు రావాలి.

తర్వాత కాటలాగ్, అంటే యాప్‌లోనే ఉండే మీ వస్తువుల జాబితా. అందులో 500 వస్తువుల దాకా పెట్టొచ్చు గానీ పన్నెండు, పదిహేను చాలు. ప్రతిదానికీ ఫోటో, పేరు, పరిమాణం, రేటు. ‘రేటు కోసం మెసేజ్ చేయండి’ అని రాయడం పెద్ద తప్పు. అడిగితే కొనాల్సొస్తుందేమోనని మొహమాటపడేవాళ్లు మెసేజ్ చేయరు, పక్క షాపుకి వెళ్తారు. కుట్టుపనిలాగా రేటు మారే వ్యాపారమైతే ‘లైనింగ్ బ్లౌజు 600 నుంచి, మగ్గం వర్క్ డిజైన్‌ని బట్టి’ అని మొదటి అంకె అయినా చెప్పండి. రేటు మారిన రోజే కాటలాగ్‌లోనూ మార్చాలి. అక్కడ 250 ఉండి కౌంటర్లో 280 అంటే ఆ మనిషి మళ్లీ రారు.

కొత్తవాళ్లు మెసేజ్ పెట్టినా, పాతవాళ్లు 14 రోజుల తర్వాత మళ్లీ పలకరించినా తనంతట తానే వెళ్లే గ్రీటింగ్ మెసేజ్ ఉంటుంది. షాపు మూసిన వేళల్లో వెళ్లేదాన్ని ‘అవే (Away) మెసేజ్’ అంటారు. రెంటిలోనూ ‘త్వరలో సంప్రదిస్తాం’ అని ఊరుకోకండి. ఎన్ని గంటలకి జవాబిస్తారో, ఈలోగా రేట్లు ఎక్కడ చూడొచ్చో చెప్పండి.

క్విక్ రిప్లైలు ఇంకా ముఖ్యం. ఒకే ప్రశ్నకి రోజంతా టైపు చేయకుండా, ముందే రాసిపెట్టిన జవాబుని స్లాష్ గుర్తు కొట్టి పిలవొచ్చు. అరిసెలు అమ్మేవాళ్లకి ఒక నమూనా:

“నమస్తే అండీ. బెల్లం అరిసెలు కిలో 480, అర కిలో 250. ఈ రోజు చెబితే ఎల్లుండి సాయంత్రానికి సిద్ధం చేస్తాం. ఎంవీపీ, లాసన్స్ బే, పెదవాల్తేరు డెలివరీ 40. మిగతా ఏరియాలకి బైక్ పార్శిల్ ఎంతయితే అంత. సగం అడ్వాన్స్ రాగానే ఆర్డరు రాసుకుంటాం. మీకు ఎంత కావాలండీ, ఏ ఏరియా?”

రేటు, గడువు, డెలివరీ, డబ్బు కట్టే పద్ధతి నాలుగూ ఇందులో ఉన్నాయి. చివర్లో ప్రశ్న ఉంది కాబట్టి అవతలివాళ్లు జవాబివ్వడం తేలిక. ఇలాంటివి ఐదారు సిద్ధంగా ఉంచుకుంటే పొయ్యి దగ్గరున్నా, మిషను మీదున్నా అర నిమిషంలో పలకొచ్చు. ఎంక్వైరీ వచ్చిన పది పదిహేను నిమిషాల్లో పలికితే ఆ ఆర్డరు నిలుస్తుంది. సాయంత్రం దాకా ఆగితే అదే ప్రశ్న ఇంకో ముగ్గురిని అడిగేసి ఉంటారు.

చాట్‌లకి లేబుళ్లు పెట్టండి: కొత్త ఎంక్వైరీ, అడ్వాన్స్ వచ్చింది, పార్శిల్ వెళ్లింది, బాకీ. నాలుగు చాలు. ‘కొత్త ఎంక్వైరీ’లో రెండు రోజులుగా ఉండిపోయినవాళ్లకి ఒక్కసారి, ఒక్కసారే, ‘అండీ, రేపు బ్యాచ్ వేస్తున్నాం, మీకు పక్కన పెట్టమంటారా?’ అని అడగండి. పలక్కపోతే వదిలేయండి.

సేవ్ చేయించుకోవడం ఎలా

మీ స్టేటస్ ఎవరికైనా కనిపించాలంటే వాళ్ల ఫోన్లో మీ నంబరు, మీ ఫోన్లో వాళ్ల నంబరు రెండూ సేవ్ అయి ఉండాలి. ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా చేర్చొచ్చు గానీ మెసేజ్ అందేది మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే. లిస్టులో రెండు వందల మంది ఉండి ఇరవై మందే పలుకుతున్నారంటే చాలాసార్లు కారణం ఇదే. ఆ మెసేజ్ వివరాలు తెరిచి ఎవరికి చేరిందో చూడండి. వారమైనా చేరనివాళ్లు మీ నంబరు సేవ్ చేసుకోలేదనే అనుకోవచ్చు.

అడగాల్సింది సరుకు చేతికిచ్చేటప్పుడు. సంచి మీద చిన్న స్టిక్కరు వేయించండి: నంబరు, క్యూఆర్ కోడ్, ‘సేవ్ చేసుకోండి, ప్రతి శుక్రవారం ఈ వారం వంటలు స్టేటస్‌లో’ అన్న వాక్యం. క్యూఆర్ కోడ్ వాట్సాప్ బిజినెస్ యాప్‌లోనే దొరుకుతుంది. కౌంటర్లో యూపీఐ కోడ్ పక్కనే దీన్నీ అంటించేటప్పుడు ‘వాట్సాప్ కోసం’ అని పెద్ద అక్షరాలతో రాయాలి, లేకపోతే డబ్బు కట్టడానికి దాన్నే స్కాన్ చేస్తారు. మీరు వాళ్ల నంబరు సేవ్ చేసుకునేటప్పుడు పేరు, ఏరియా, కొన్న వస్తువు కలిపి రాసుకోండి. మూడు నెలల తర్వాత ‘సీతమ్మధార, కాకరకాయ కారం’ అని వెతికితే దొరకాలి.

ఖాతాదార్లతో గ్రూపు మాత్రం పెట్టకండి. అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఆడవాళ్లకి ఇది నిజంగా ఇబ్బంది, ఒక్క చెడ్డ అనుభవంతో మీ మీద నమ్మకం పోతుంది. బ్రాడ్‌కాస్ట్‌లో ఎవరికి వాళ్లకి విడిగా వెళ్తుంది. అదీ వారానికి ఒకటి, పండగ వారమైతే రెండు. ఎక్కువమంది బ్లాక్ చేసినా రిపోర్ట్ కొట్టినా నంబరే బ్యాన్ కావచ్చు. ఎక్కడో కొన్న నంబర్ల జాబితాకి ఒకేసారి వేల మెసేజ్‌లు పంపిస్తామనే యాప్‌ల జోలికి వెళ్లడం ఆ బ్యాన్‌ని కోరి తెచ్చుకోవడమే.

ఇన్‌స్టాగ్రామ్: కనబడే చోటు

సెట్టింగ్స్‌లో ప్రొఫెషనల్ అకౌంట్‌కి మార్చుకుంటే పోస్టు ఎంతమందికి చేరింది, వాళ్లు ఏ ఊరివాళ్లు అన్నది కనిపిస్తుంది. పేరు రాసే గడిలో షాపు పేరొక్కటే రాసి వదిలేయకండి. వెతుకుడుకి పనికొచ్చేది ఆ గడే. షాపు పేరు, వెంటనే ‘బ్లౌజ్ స్టిచింగ్ గాజువాక వైజాగ్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో చేర్చండి, ఎందుకంటే జనం అలాగే టైపు చేస్తారు. బయోకి 150 అక్షరాలే చోటు. ఏం అమ్ముతారు, ఏ ఏరియా, ఆర్డరు ఎలా ఇవ్వాలి అన్నవి రాస్తే చాలు. కొటేషన్లకి అక్కడ జాగా లేదు. లింకు చోట, నొక్కగానే మీ చాట్ తెరుచుకునే వాట్సాప్ షార్ట్ లింక్ పెట్టి, దానికి ముందే మెసేజ్ రాసిపెట్టండి: ‘ఇన్‌స్టాలో చూసి అడుగుతున్నానండీ’. ఆ లింకు ఇంకెక్కడా వాడకపోతే, ఇన్‌స్టా నుంచి ఎంతమంది వచ్చారో లెక్క దానంతటదే తేలుతుంది.

వారానికి రెండు రీల్స్, ఒక ఫోటోల పోస్టు. ఇది చేయగలిగిన లెక్క. రోజుకొకటని మొదలుపెట్టి మూడో వారానికి ఆపేసేవాళ్లే ఎక్కువ. రీల్ నిలువుగా, 9:16 కొలతలో, పదిహేను నుంచి పాతిక సెకన్లు. మొదటి రెండు సెకన్లలో లోగో తిప్పకండి, వస్తువు పని చేస్తూ కనబడాలి: నూనెలో అరిసె పొంగడం, మగ్గం మీద సూది దిగడం, పగిలిన స్క్రీన్ ఊడిరావడం. రీల్ మీద రాసే అక్షరాలు కింది మూడో వంతులోనూ కుడి అంచునా పెట్టకూడదు, అక్కడ క్యాప్షన్, బటన్లు కప్పేస్తాయి. రేటు, ఏరియా అక్షరాల్లో కనబడాలి, ఎందుకంటే చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు. లొకేషన్ ట్యాగ్‌లో మీ ఏరియానే పెట్టండి. హ్యాష్‌ట్యాగ్‌లు మూడు నుంచి ఐదు చాలు, అవీ వస్తువు, ఊరు, ఏరియాకి సంబంధించినవే.

సినిమా పాటల విషయంలో జాగ్రత్త. ప్రొఫెషనల్‌లో బిజినెస్ రకం అకౌంట్లకి పాపులర్ పాటలు చాలావరకు అందుబాటులో ఉండవు. వేరే యాప్‌లో కలిపి ఎక్కిస్తే రీల్ మూగబోవచ్చు. మీ గొంతుతో నాలుగు మాటలు చెప్పడం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. ‘ఇయ్యి పొద్దున్నే వేసినవండీ’ అని మన యాసలో వినబడితే ఈ ఊరివాళ్లు ఆగి చూస్తారు. యాస దాచుకుని టీవీ యాంకర్లా మాట్లాడాల్సిన పని లేదు.

ఫోటోలకి పెద్ద కెమెరా అక్కర్లేదు, వెలుతురు కావాలి. ట్యూబులైటు ఆర్పేసి, కిటికీ పక్కన బల్ల వేసి, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టండి. ట్యూబులైటూ ఎండా కలిస్తే పచ్చడి ఎరుపు గోధుమరంగులోకి తిరుగుతుంది, చీర రంగు తప్పు చూపిస్తుంది, తర్వాత ‘ఫోటోలో వేరేలా ఉంది’ అన్న గొడవ మీదే. బట్టల ఫోటోలు ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో తీయాలనుకుంటే పొద్దున్నే వెళ్లాలి. మనకి సముద్రం తూర్పున ఉంది కాబట్టి తొలి వెలుగు నీళ్ల మీదుగా వస్తుంది, మనిషి ముఖం సముద్రం వైపు ఉంటే బట్ట రంగు నిజంగా తేలుతుంది. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక్కి దిగిపోతాడు. బీచ్‌లో మాట రికార్డు చేయకండి, గాలి హోరు తప్ప ఏమీ వినబడదు. ఇంటికొచ్చి గొంతు కలపండి. ఏసీ గదిలోంచి ఫోను బయటికి తీస్తే మన ఉక్కకి లెన్స్ మీద ఆవిరి పడుతుంది, ఐదు నిమిషాలు ఆగి మెత్తటి గుడ్డతో తుడిచి తీయండి. నేవల్ డాక్‌యార్డ్ పరిసరాల్లో వీడియోలు తీయకూడదు. డ్రోన్ అయితే అనుమతి లేకుండా ఎగరేసే ఆలోచనే వద్దు.

ఫేస్‌బుక్ గురించి కొంచెమే. నలభై దాటినవాళ్లు, అపార్ట్‌మెంట్ సంఘాలు, కాలనీ గ్రూపులు అక్కడున్నాయి. ఇన్‌స్టా పోస్టు పేజీలోకీ వెళ్లేలా కలిపేస్తే చాలు. గ్రూపుల్లో అడ్మిన్ పెట్టిన నియమాలు చదివి, అమ్మకానికి అనుమతించిన రోజునే పెట్టండి. వీటితోపాటు గూగుల్ మ్యాప్స్‌లో బిజినెస్ ప్రొఫైల్ కూడా ఉచితంగా తెరవండి. ధ్రువీకరణకి వీడియో అడిగితే వీధి, బోర్డు, మీరు తాళం తీసి లోపలికెళ్లడం కోత లేకుండా ఒకే షాట్‌లో చూపించాలి. ఇంటి నుంచి చేసే వ్యాపారమైతే చిరునామా దాచి, డెలివరీ ఇచ్చే ఏరియాలు మాత్రమే చూపించే వీలుంది.

ఏ నెలలో ఏం పెట్టాలి

పోస్టు పండగ రోజున పెడితే శుభాకాంక్షలకే పనికొస్తుంది. అమ్మకానికైతే రెండు మూడు వారాల ముందే మొదలవ్వాలి. సంక్రాంతికి అరిసెలు, జంతికలంటే డిసెంబరు చివర్లోనే ఆర్డరు జాబితా తెరవాలి. వరలక్ష్మీ వ్రతానికి బ్లౌజులు కుట్టేవాళ్లు ‘ఫలానా తేదీ తర్వాత ఇచ్చినవి వ్రతం తర్వాతే’ అని రీల్‌లోనే చెప్పేయాలి. ఆఖరి తేదీ కనబడితే ఊగిసలాడేవాళ్లు కదులుతారు. మార్గశిర గురువారాలకి కనకమహాలక్ష్మి గుడి చుట్టుపక్కల బురుజుపేట, పాతనగరం కిటకిటలాడతాయి, అక్కడి షాపులకి అది మంచి కాలం. సింహాచలం గిరిప్రదక్షిణ రోజు హనుమంతవాక, ఎన్ఏడీ, గోపాలపట్నం వైపు ట్రాఫిక్ మళ్లిస్తారు, డెలివరీలు ఆగుతాయి. ఆ సంగతి రెండు రోజుల ముందే స్టేటస్‌లో పెట్టండి. చేపలు అమ్మేవాళ్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు అకౌంటు ఖాళీగా వదిలేయకుండా ఎండు చేపలు, రొయ్యల పచ్చడి చూపించండి, నిషేధం ఎత్తేశాక మొదటి పడవల సరుకు ఎప్పుడొస్తుందో చెప్పండి.

తినే వస్తువులు అమ్మేవాళ్లు ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు వేసి, కాటలాగ్ ఫోటోలోనూ కనబడనివ్వండి. చట్టం ప్రకారం కావాల్సిందే, పైగా కొత్తవాళ్లకి ధైర్యం. హైదరాబాద్, బెంగళూరులో ఉన్న పిల్లలకి పచ్చళ్లు పంపించే తల్లిదండ్రులు మంచి ఖాతాదార్లు. ద్వారకా బస్ స్టేషన్ నుంచి ఆర్టీసీ కార్గోలో పంపొచ్చు, స్పీడ్ పోస్టులోనూ పంపొచ్చు. నూనె కారకుండా సీలు వేసి, రెండు కవర్లలో కట్టే వీడియో పెడితే ‘కారిపోతుందా అండీ’ అన్న ప్రశ్న తగ్గుతుంది.

డబ్బు పెట్టి యాడ్ వేసేటప్పుడు

కొత్త పోస్టు పెట్టిన వెంటనే బూస్ట్ (డబ్బు కట్టి పోస్టుని ఎక్కువమందికి చూపించే బటన్) నొక్కడం డబ్బు పారబోయడమే. పది, పదిహేను పోస్టులు పెట్టాక, ఉచితంగానే ఎక్కువ ప్రశ్నలు తెచ్చినదాన్ని ఎంచుకోండి. లక్ష్యంగా లైకులు, ప్రొఫైల్ విజిట్లు వద్దు, వాట్సాప్ మెసేజ్‌లు ఎంచుకోండి. రోజుకి 150 నుంచి 200 రూపాయలు, వారం రోజులు. మధ్యలో రోజూ వేలు పెట్టి మార్చకండి. యాడ్ ఎవరికి చూపించాలో యంత్రం నేర్చుకునేలోపే మళ్లీ మొదటికొస్తుంది.

ఏరియా దగ్గరే మన ఊళ్లో చాలా డబ్బు పోతుంది. యాప్ వైజాగ్ అని ఊరంతా చూపిస్తుంది. దాన్ని తీసేసి మ్యాప్ మీద మీ షాపు దగ్గర పిన్ను పెట్టి చుట్టూ గుండ్రం గీయండి. అయితే ఆ గుండ్రానికి రోడ్లు తెలియవు. జాలరిపేట దగ్గర పిన్ను పెడితే సగం సముద్రంలో పడుతుంది. దానివల్ల ఖర్చు పెరగదు గానీ జనం అనుకున్నదాంట్లో సగమే ఉంటారు, కాబట్టి పిన్ను కొంచెం లోపలికి జరపాలి. పాతనగరంలో పిన్ను పెడితే గుండ్రం హార్బర్ కాలువ దాటి యారాడ కొండ అవతలికి వెళ్తుంది. గీత మీద దగ్గరే, రోడ్డు మీద మాత్రం సింధియా, మల్కాపురం చుట్టి రావాలి; అక్కడి మనిషి మెసేజ్ పెట్టి డెలివరీ చార్జీ విని వెనక్కి తగ్గుతారు, ఆ మెసేజ్‌కి మీరు డబ్బు కట్టేసి ఉంటారు. అలాంటి చోట్ల ఇంకో పిన్ను వేసి ‘మినహాయించు’ అని పెట్టండి. బీచ్ చుట్టుపక్కల వేసే యాడ్‌లు అరకు, బీచ్ చూడ్డానికొచ్చిన టూరిస్టులకీ కనబడతాయి. హోటళ్లకి, అరకు కాఫీ, ఏటికొప్పాక బొమ్మలు అమ్మేవాళ్లకి అది లాభం. బ్లౌజులు కుట్టేవాళ్లకి దండగ.

లెక్క ఇలా వేయాలి. 1,000 రూపాయల యాడ్‌కి 18 శాతం జీఎస్టీ కలిపి 1,180 అవుతుంది. ముందే డబ్బు వేసే పద్ధతిలో 1,000 వేస్తే యాడ్‌కి మిగిలేది దాదాపు 847. ఇప్పుడు 1,180కి నలభై మెసేజ్‌లు వచ్చి, ఎనిమిది ఆర్డర్లు అయ్యాయనుకుందాం. ఒక్కో ఆర్డరుకి యాడ్ ఖర్చు 147 రూపాయల 50 పైసలు. ఆర్డరుకి మీకు మిగిలేది 110 అయితే మొదటి దెబ్బకి నష్టమే. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు వచ్చే నెల యాడ్ లేకుండా మళ్లీ కొంటే పదకొండు ఆర్డర్లకి 1,210 మిగిలి ఖర్చు గట్టెక్కుతుంది. నంబరు సేవ్ చేయించుకోవడం మీద ఇంత పట్టుబట్టేది ఇందుకే. నలభై మందిలో ఎనిమిది కూడా ఆర్డరు కాకపోతే తప్పు యాడ్‌లో వెతక్కండి, జవాబు ఆలస్యం కావడంలోనో, రేటు చెప్పడంలోనో వెతకండి.

లోకల్ ఫుడ్ పేజీలవాళ్లు డబ్బు తీసుకుని వీడియో చేస్తామంటే ఫాలోయర్ల అంకె చూసి ఒప్పుకోకండి. వాళ్ల ఇన్‌సైట్స్‌లో (ఎవరు చూశారో చెప్పే లెక్కల పేజీ) ఊళ్లవారీ జాబితా స్క్రీన్‌షాట్, ఆఖరి పది రీల్స్ ఎంతమందికి చేరాయో అడగండి. డబ్బు గానీ సరుకు గానీ ఇచ్చి చేయించిన వీడియో అయితే ఆ సంగతి అందులో చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది.

మీ పోస్టు కింద ఎవరైనా చెడుగా రాస్తే తీసేయకండి. ‘అండీ, మీ ఆర్డరు వివరాలు చూశాం, ఫోన్ చేస్తున్నాం’ అని అక్కడ రెండు ముక్కలు రాసి, మిగతాది ఫోన్లో తేల్చండి. ఆ రెండు ముక్కలు చదివేది గొడవపడిన ఒక్కరే కాదు.

మోసాలు, తాళంచెవులు

తూర్పు నౌకాదళం కేంద్రం ఇక్కడే ఉంది కాబట్టి ‘నేవీ క్యాంటీన్ నుంచి, యాభై కిలోల ఆర్డరు’ అని ఫోన్ వస్తే మనవాళ్లు ఇట్టే నమ్ముతారు. ఐడీ కార్డు ఫోటో కూడా పంపిస్తారు. తర్వాత అడ్వాన్స్ వేయడానికని క్యూఆర్ పంపి స్కాన్ చేయమంటారు. డబ్బు రావడానికి మీరు స్కాన్ చేయక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతాలోంచి పోతున్నట్టే. పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ‘మీ పేజీ మీద కాపీరైట్ ఫిర్యాదు, ఈ లింకులో లాగిన్ అవ్వండి’ అని వచ్చే మెసేజ్‌లు అకౌంటు కాజేయడానికే. అకౌంటుకి రెండో తాళం లాంటివి, వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్, ఇన్‌స్టాలో టూ ఫ్యాక్టర్ ఈ రోజే ఆన్ చేయండి. ఆరంకెల ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

పేజీ చూసుకోవడానికి కుర్రాణ్ణి పెట్టుకుంటే పాస్‌వర్డ్ ఇవ్వకండి. ఫేస్‌బుక్ పేజీకి, యాడ్ అకౌంట్‌కి విడిగా యాక్సెస్ ఇచ్చే ఏర్పాటు ఉంది, పని మానేసిన రోజున అది తీసేస్తే సరిపోతుంది. అకౌంటు మొదట తెరిచేటప్పుడే ఈమెయిలు, ఫోన్ నంబరు యజమానివి ఉండాలి. వేరేవాళ్ల ఈమెయిలు మీద తెరిచిన పేజీ, ఐదేళ్ల ఫోటోలతో సహా, వాళ్లతోపాటే వెళ్లిపోతుంది. మీది ఎవరి ఈమెయిలు మీద ఉందో తెలియకపోతే ఇన్‌స్టా సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్ తెరిచి వ్యక్తిగత వివరాలు చూడండి. అక్కడ మీది కాని నంబరు కనిపిస్తే, ఆ మనిషి ఇంకా మీ దగ్గర పనిలో ఉండగానే మార్పించుకోండి.